వాయించేవాడికి అడ్డుతెర

అబద్ధం కోసం బాలశౌరి ఎక్కడా వెతుక్కోనక్కర్లేకపోయింది. పెళ్ళిపీటల పక్కన ఇత్తడి పళ్ళెంలో మడతపెట్టి సిద్ధంగా ఉంది. పసుపునీళ్ళలో ముంచి ఆరేసిన గుడ్డ. జీలకర్ర బెల్లం పెట్టేదాకా పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఒకరినొకరు చూసుకోకుండా మధ్యలో పట్టుకునే అడ్డుతెర అది.

"చూశావా ఇమ్మానుయేలూ," అన్నాడు దాన్ని చూపిస్తూ. "మా దగ్గర మండపంలో తెర ఆచారం. పెళ్ళికూతురే కాదు, వాయించేవాడు కూడా ముహూర్తం అయ్యేదాకా ఎవరికీ కనబడకూడదు. నువ్వు ఆ పూలగోడ వెనక కూర్చోవాలి."

ఇమ్మానుయేలు ఒకెల్లో ఆ గుడ్డ వైపు గౌరవంగా చూశాడు. ముట్టుకోబోయి, తప్పేమోనని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఉగాండాలో గులు అనే ఊరు అతనిది. విజయవాడ పక్కన కాలేజీలో పెద్ద చదువుకని వచ్చి, గుణదలలో బాలశౌరి మేడమీద గదిలో అద్దెకుంటున్నాడు. మొన్న క్రిస్మస్ నుంచి బాలశౌరి బ్యాండులో శాక్సాఫోన్ అతనిదే.

"ఊరేగింపుల్లో నేను ముందు నడిచాను కదా మాస్టారూ?"

"రోడ్డు వేరు, మండపం వేరు."

"మరి మీరు?"

"నేను బ్యాండు మాస్టర్ని. నాకు స్టేజీ మీద పనుంటుంది."

అంత తేలిగ్గా నోటికెలా వచ్చిందో బాలశౌరికే అర్థం కాలేదు. అంతకు కాసేపటి ముందే, ఉయ్యూరులోని ఆ కల్యాణమండపం గుమ్మంలో, పెళ్ళికూతురి తండ్రి బసవపున్నయ్య అతని భుజం పట్టుకుని పక్కకి తీసుకెళ్ళాడు. చెరకు వ్యవసాయం మానేసి బైకుల షోరూము పెట్టిన మనిషి. గొంతు మాత్రం ఇంకా పొలంగట్టు మీద గొంతే.

"ఆ నల్లాయనెవరయ్యా శౌరీ?"

"మన శాక్సాఫోనండి. చాలా బాగా వాయిస్తాడు. వాళ్ళ దేశంలో పెద్ద పెద్ద హోటళ్ళలో..."

"వాయిస్తాడు, కాదన్లా. ఆయన్ని స్టేజీ ఎక్కిస్తే మొగపెళ్ళివారు నన్నేమంటారు? వీడియో అంతా ఆయనే. రేప్పొద్దున మా పిల్ల ఆల్బం తెరిస్తే ఏం చూసుకోవాలి? నువ్వు వాయించు. మా నాన్న షష్టిపూర్తికి వాయించింది నువ్వు, మా తమ్ముడి పెళ్ళికి వాయించింది నువ్వు. నీ శాక్సాఫోన్ కోసమే కదా పిలిచింది."

బాలశౌరి చెప్పవలసిన మాట ఒక్కటే ఉంది. నేను వాయించలేనండి, నాకు ముందు పళ్ళు లేవు, అని. పోయిన వానాకాలం చిగుళ్ళు వాచి పైపళ్ళు ఒక్కొక్కటే పోయాయి. కట్టుడుపళ్ళు అన్నం నమలడానికి పనికొస్తున్నాయి గానీ, మౌత్‌పీస్ మీద ఆనించి ఊదితే సెట్టు కదిలి గాలి పక్కల్నుంచి పోతోంది. శాక్సాఫోన్ పంక్చరైన సైకిలు ట్యూబులా బుస్సుమంటోంది. ఉయ్యూరు నుంచి బందరు దాకా శాక్సాఫోన్ శౌరి అంటే తెలియనివాళ్ళు లేరు. ఆ పేరు మోస్తున్న మనిషి గుమ్మంలో నిలబడి పళ్ళు లేవని ఎలా చెబుతాడు? చెప్పాలి. చెప్పలేదు. ఆ నల్లాయన లేకపోతే నేనూ వాయించనండి అని కూడా అనొచ్చు. అదీ అనలేదు. "అలాగేనండి," అన్నాడు.

సౌండువాడితో రెండు ముక్కలు చెప్పాడు. స్టేజీ మీది మైకు ఆపెయ్, పూలగోడ వెనక మైకు తెరువు, అని. ఆ కుర్రాడు ఎందుకని అడగలేదు, వాడికి ఎక్కడ వైరు ఎక్కడ గుచ్చాలన్నదే గొడవ. సన్నాయివాళ్ళు వచ్చేసరికే ఒకెల్లో వెనక చేరిపోయాడు. అక్కడినుంచి అతనికి కనబడేవి బంతిపూలు గుచ్చిన ఇనప చట్రం, థర్మోకోలు ముక్కలు, గోడ మీద ఫ్యాను స్విచ్చులు. ప్లాస్టిక్ కుర్చీని చేతిరుమాలుతో తుడుచుకుని కూర్చున్నాడు. శాక్సాఫోన్ ఊదే చోట బిగించే రీడు బద్దని నోట్లో పెట్టుకుని చప్పరిస్తూ, పిలుపు కోసం చూశాడు.

బాలశౌరి తన శాక్సాఫోన్ పట్టీ మెడకు తగిలించుకుని, మడమతో చెక్క స్టేజీ మీద రెండుసార్లు కొట్టాడు. అదే పిలుపు.

పాత సినిమా పాట. మొదటి చరణం ఒకెల్లో ఉన్నదున్నట్టు వాయించాడు. బాలశౌరి వేళ్ళు కూడా కీల మీద సరిగ్గానే నడిచాయి, ముప్పై ఏళ్ళ అలవాటు. రెండో చరణంలో ఒకెల్లో పాట చెయ్యి వదిలేశాడు. ఎటో వెళ్ళిపోయాడు. కిందికి దిగి, అక్కడ ఏదో వెతికి, దొరక్క, గట్టిగా ఊపిరి తీసి పైకొచ్చి, ఇక రాడనుకున్నప్పుడు మెల్లగా వచ్చి పల్లవి పక్కన కూర్చున్నాడు. ఆ దారి బాలశౌరి వేళ్ళకి తెలియదు. కళ్ళు మూసుకుని భుజాలు మాత్రం ఊపాడు. హాల్లో మాటలు ఆగిపోయాయి. కాఫీ పళ్ళేలు పట్టుకున్నవాళ్ళు నిలబడిపోయారు. ముందు వరసలో ఒక ముసలావిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. ఇదంతా చూస్తూ బాలశౌరికి గర్వం కలిగింది. తనే వాయించినట్టు నిజంగానే గర్వం కలిగింది. ఆ తరవాత ఎన్నిసార్లు తలుచుకున్నా, అబద్ధం కంటే ఆ గర్వమే అతన్ని ఎక్కువ సిగ్గుపెట్టింది.

బసవపున్నయ్య స్టేజీ ఎక్కి శాలువా కప్పాడు. "నీ ఊపిరి ఇంకా తగ్గలేదయ్యా శౌరీ," అన్నాడు. నాలుగు వైపుల నుంచి ఫోన్లు లేచాయి.

భోజనాల దగ్గర ఒకెల్లోకి ఆఖరి బంతిలో చోటు దొరికింది. ఆకులో పులిహోరని వేళ్ళతో శుభ్రంగా కలుపుకుంటూ అన్నాడు: "మాస్టారూ, ఇందాక అమ్మకి ఫోన్ చేశాను. ఇక్కడ పెళ్ళికూతురికీ వాయించేవాడికీ ఒకటే మర్యాద, ఇద్దర్నీ తెర వెనక దాచుకుంటారు అని చెప్పాను. అమ్మ చాలా సంతోషపడింది."

బాలశౌరి మజ్జిగ గ్లాసు అందుకున్నాడు. తాగడం అయ్యాక కూడా గ్లాసు నోటి దగ్గర్నుంచి దించలేదు.

*

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ గుణదలలో మేడ మీద కూర్చుని వాయిద్యాలు తుడుస్తున్నారు. వీధి చివర కొండ మీద మరియమాత గుడి మెట్లెక్కేవాళ్ళు చిన్నగా కనిపిస్తున్నారు. ఒకెల్లో శాక్సాఫోన్ మీద బంగారు పూత చాలాచోట్ల పోయింది. కుడి బొటనవేలు ఆనే చోట ఇత్తడి బయటపడి నున్నగా ఉంది. అతను గొట్టంలోకి దారం కట్టిన గుడ్డ వేసి అవతలినుంచి లాగుతున్నాడు. లాగినప్పుడల్లా గుడ్డ వాసన చూస్తున్నాడు. అదేం అలవాటని బాలశౌరి అడిగాడు.

"ఫాదర్ ఆంటోనియో నేర్పాడు. మా స్కూల్లో బ్యాండు ఆయనదే. లోపల తడి ఉంటే వాసన చెప్తుంది అనేవాడు. నాకు అప్పుడు చేతులు చిన్నవి, కింది కీలు అందేవి కాదు. పాటలో అక్కడ ఆగిపోయేవాణ్ణి. ఆగకు, వేరే దారి చూసుకో అనేవాడు. అట్లా మొదలైంది నా జాజ్." నవ్వాడు. "తరవాత కంపాలాలో హోటల్. ఆరేళ్ళు. మధ్యలో నైరోబీ, కిగాలీ. మా దగ్గర అందరూ కలిసి వాయించి, తరవాత ఒక్కొక్కడూ లేచి నిలబడతాడు మాస్టారూ. తన మాట తను చెప్తాడు. మళ్ళీ కూర్చుంటాడు. బాగా చెప్పాడా లేదా అని కాదు. లేచి నిలబడాలి, అది ముఖ్యం."

"ఇప్పుడు వెళ్తే మళ్ళీ అక్కడేనా?"

"ఆ హోటల్ మూసేశారు. మేలో నా పరీక్షలు అయిపోతాయి. మా మామయ్యకి ఇనప సామాన్ల షాపు ఉంది, వచ్చి కూర్చో అంటున్నాడు." శాక్సాఫోన్‌ని వెల్వెట్ గుంటలో పడుకోబెట్టి, పెట్టె మూత వేశాడు. "మేకులు తూకం వెయ్యడానికి ఊపిరి అక్కర్లేదు."

అప్పుడే బాలశౌరి ఫోన్ మోగింది.

"శౌరి మాస్టారేనా అండీ? నా పేరు చక్రి. మాది పామర్రండి, హైదరాబాదులో మ్యూజిక్ అరేంజ్‌మెంట్లు చేస్తుంటాను. ఉయ్యూరు పెళ్ళి వీడియో మా పిన్ని పంపింది. మీరు రెండో చరణంలో పాటని వదిలేసి తిరిగొచ్చారు చూడండి, అట్లా వచ్చేవాళ్ళు మన దగ్గర లేరండి. నేను ఒక బ్యాండు తయారు చేస్తున్నాను, దేశమంతా తిరుగుతుంది. శాక్సాఫోన్ కోసం ఏడాదిగా వెతుకుతున్నాను. ఆదివారం పామర్రులో మా బాబాయి కూతురి పెళ్ళికి మీరే కదా? ఎదురుగా విని మాట్లాడతాను."

ఒకెల్లో పెట్టె గొళ్ళెం వేస్తూ తలెత్తి చూశాడు. ఇక్కడే, ఈ చేతికి అందేంత దూరంలోనే ఉన్నాడండి మీరు వెతికే మనిషి, అని ఫోన్ అతనికిస్తే సరిపోయేది.

"రండి," అన్నాడు బాలశౌరి. "తప్పకుండా రండి."

"ఎవరు మాస్టారూ?"

"పామర్రు పెళ్ళివాళ్ళు. టైము అడుగుతున్నారు."

ఒకెల్లో లేచి గదిలోకి వెళ్ళి ఒక గుడ్డ తెచ్చాడు. ముదురు నీలం మీద పసుపు పచ్చ పక్షులు. బయల్దేరేటప్పుడు వాళ్ళమ్మ పెట్టెలో పెట్టిందట. "తెరేసమ్మగారు అంచులు కుట్టి, తాడుకి ఎక్కించడానికి ఉంగరాలు పెట్టిస్తారా? ఉయ్యూరులో థర్మోకోలు వెనక కూర్చున్నాను. పెళ్ళికూతురి తెర ఎంత శుభ్రంగా ఉంది. మనది కూడా బాగుండాలి కదా."

*

శనివారం పొద్దున్నే కుట్టుమిషను చప్పుడుకి బాలశౌరికి మెలకువ వచ్చింది. అతని భార్య తెరేసమ్మ ఒళ్ళో పక్షులు పరుచుకుని ఉన్నాయి. అంచుని రెండు మడతలు వేసి, సూది కింద మెల్లగా జరుపుతోంది. ఉయ్యూరు నుంచి రాగానే శాలువా ఎక్కడిదని ఆవిడ అడిగింది. దాచలేక అంతా చెప్పేశాడు, నిన్న చక్రి ఫోన్ సంగతీ చెప్పాడు. ఇప్పుడూ ఆవిడ తన కుట్టు తను కుట్టుకుంటోంది. తిడితే బాగుండునని అతనికి అనిపించింది.

"నువ్వు అతనితో ఏమన్నా చెప్పావా?"

"నేనెందుకు చెప్తాను? అబద్ధం నాది కాదుగా." దారం పళ్ళతో కొరికింది. ఆవిడ పళ్ళన్నీ గట్టివే. "నిన్న ఇది తెచ్చిచ్చి, అమ్మా మంచి కుట్టు వెయ్యండి, దేవుడి పని అన్నాడండీ. దేవుడి పనంట. చేతులాడక అట్టాగే కూర్చున్నాను కాసేపు."

"ఆ చక్రి విషయం..."

"అదీ చెప్పలేదన్నమాట." మిషను ఆపింది. "పోయింది మీ పళ్ళు. ఆ పిల్లాడి ఊపిరి ఎందుకు తీస్తారు?"

"చెప్తానే. చెప్పనన్నానా? ముప్పై ఏళ్ళ పేరు, ఒక్క మాటతో..."

"ఆ పేరు ఉంచుకుని ఏం చేస్తారండీ? ఊదడానికి వస్తుందా?"

సాయంత్రం అతను కొండ కింద గుడికి వెళ్ళాడు. పాపసంకీర్తనానికి పది మంది దాకా వరసలో ఉన్నారు. తన వంతు వచ్చి మోకరించాక, జాలీ కిటికీ అవతల ఫాదర్ చెవి మాత్రం కనిపించింది. రెండు ఆదివారాలు పూజ తప్పానన్నాడు. డ్రమ్ము వాయించే ఏసుపాదాన్ని నలుగురిలో తిట్టానన్నాడు. భార్య మీద విసుక్కున్నానన్నాడు. ఇంకేమైనా ఉందా అని అడిగారు ఫాదర్. మామూలుగా అందరినీ అడిగే మాటే. బాలశౌరి నాలుక కట్టుడుపళ్ళ వెనక కదిలింది.

"ఇంతేనండి," అన్నాడు.

చిన్న పాపాలకి చిన్న ప్రాయశ్చిత్తం చెప్పారు ఫాదర్. అతను బయటికొచ్చి ఆ జపాలన్నీ శ్రద్ధగా పూర్తిచేశాడు. ఒక్కటి కూడా తన లెక్కలో పడినట్టు అనిపించలేదు. దేవుడి దగ్గర కూడా కావలసినంత వరకే చెప్పిన మనిషి ఇంక చక్రి దగ్గర ఏం చెబుతాడు? తన మీద తనకే రోత పుట్టింది.

*

ఆదివారం పొద్దున వ్యానులో ఉయ్యూరు దాటేదాకా ధైర్యం కూడగట్టుకున్నాడు. రెండు వైపులా కోసిన మినుము చేలు, మధ్యలో చెరకు ట్రాక్టర్లు. "ఇమ్మానుయేలూ," అని పిలిచాడు. ఒకెల్లో పెట్టెని ఒళ్ళో పెట్టుకుని, దాని మీద తల ఆన్చి నిద్రపోతున్నాడు. పెట్టె పైన తెరేసమ్మ ఇస్త్రీ చేసిచ్చిన పక్షుల గుడ్డ ఉంది. నిద్రపోతున్నవాణ్ణి లేపడమెందుకులే అనుకున్నాడు. అట్లా అనుకోవడంలో ఎంత హాయి ఉందో గమనించి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

పామర్రు మండపంలో పూలగోడ లేదు. స్టేజీ మూలన రెండు స్తంభాల మధ్య ఒకెల్లో తాడు కట్టి తన గుడ్డ వేలాడదీశాడు. ఉంగరాలు ఒక్కొక్కటే సరిచేసి, ముడతలు పోయేలా కింది అంచు లాగి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. అవతలి మూలన, అందరికీ ఎదురుగా, సన్నాయి మేళం అప్పుడే జంపఖానా మీద కూర్చుంది. డోలు వాయించే పెద్దాయన వేళ్ళకి తొడుగులు ఎక్కించుకుంటున్నాడు. ఒకెల్లో ఆయన దగ్గరికి వెళ్ళి వంగి అడగడం బాలశౌరి మెట్ల దగ్గర్నుంచి చూశాడు.

"పెద్దాయనా, మీ తెర ఏదీ?"

"తెరేంటి బాబూ?"

"వాయించేవాళ్ళకి తెర. ముహూర్తం దాకా కనబడకూడదు కదా."

డోలాయన నవ్వాడు. మంచి నవ్వే, ఎగతాళి లేదు అందులో. "భలేవాడివే. అయ్యగారు వేలెత్తి సైగ చేస్తే గట్టిమేళం అందుకోవాలి మేము. ఎవరన్నా తుమ్మినా ఏడ్చినా పెళ్ళికూతురి చెవిన పడకుండా అంత చప్పుడూ అప్పుడే చెయ్యాలి. తెర వెనక కూర్చుంటే అయ్యగారి వేలు ఎట్టా కనపడుద్ది? వాయించేవాడు కనపడాలి, వాడికి అన్నీ కనపడాలి. నీకెవరు చెప్పారు తెర అని?"

ఒకెల్లో నీలం గుడ్డ వైపు చూశాడు. హాలంతా కళ్ళతో వెతికి, మెట్ల దగ్గర బాలశౌరిని చూశాడు. కోపం ఉంటే బాలశౌరి తట్టుకునేవాడు. ఆ ముఖంలో కోపం ఇంకా చేరలేదు. తల్లికి ఫోన్‌లో చెప్పిన మాట గుర్తు తెచ్చుకుంటున్నట్టు ఉంది, అంతే.

బాలశౌరి అతని వైపు అడుగు వేశాడు. ఈలోగా ఎవరో రెండు చేతులూ పట్టేసుకున్నారు. "నేనేనండి, చక్రిని. మీకోసమే ముందు వరసలో కూర్చున్నాను. మీరు మొదలుపెడితే, ముహూర్తం లోపు ఒక గంట మాకే." పెళ్ళివారు కూడా తొందర చేశారు. తోసుకుంటూ స్టేజీ ఎక్కించారు. వెనక్కి తిరిగి చూస్తే డోలాయన పక్కన ఒకెల్లో లేడు. తెర వెనకే కూర్చుని ఉంటాడు. పాపం, మంచివాడు. ఏదైనా ఉంటే తరవాత అడుగుతాడు.

మెడపట్టీ తగిలించుకున్నాడు. ఇక్కడా ముందే ఆపించిన మూగ మైకు ముందు నిలబడి, మడమతో రెండుసార్లు కొట్టాడు.

ఏమీ వినబడలేదు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. పిలుపు ఒకెల్లోకి వినబడలేదేమో అనుకుని మళ్ళీ కొట్టాడు. పక్షుల గుడ్డ ఫ్యాను గాలికి కొంచెం ఊగింది. చక్రి ముందుకి వంగి, గడ్డం కింద చేతులు పెట్టుకుని, నవ్వుతూ చూస్తున్నాడు. అతని వెనక నాలుగో వరసలో, పెళ్ళికి వచ్చిన ఆడవాళ్ళ మధ్య, ఎత్తుగా ఒక తల కనబడింది.

ఒకెల్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. శాక్సాఫోన్ ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నాడు. చేతులు దాని మీద కట్టుకున్నాడు. అందరిలాగే బాలశౌరి వాయిస్తే వినడానికి ఎదురుచూస్తున్నాడు.

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఒంట్లో బాగోలేదని దిగిపోవచ్చు. మైకు పాడైందని అనొచ్చు. దారులు రెండుమూడు కనబడ్డాయి అతనికి, అబద్ధాల విషయంలో ఎప్పుడూ దారులు కనబడుతూనే ఉంటాయి. అతను మౌత్‌పీస్ నోట్లో పెట్టుకుని ఊదాడు.

సెట్టు కదిలింది. గాలి చెంపల్లోంచి బుస్సున పోయింది. ఆ గాలి మధ్య స్వరం ఒకటి సన్నగా లేచి, వణికి, విరిగిపోయింది. వెనక ఎవరో పిల్లలు నవ్వారు. మళ్ళీ ఊదాడు. మళ్ళీ అదే. చక్రి గడ్డం కింది చేతులు కిందికి దించేశాడు.

బాలశౌరి జేబులోంచి చేతిరుమాలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. పై పళ్ళ సెట్టు తీసి రుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నాడు. ఎదురుగా ఉన్న మైకు పలకదు. పక్కకి నడిచి, నీలం గుడ్డ ఎత్తి, ఖాళీ కుర్చీ ముందున్న మైకు స్టాండుని ఈవలికి లాక్కొచ్చాడు.

"అయ్యా, ఉయ్యూరులో వాయించింది నేను కాదండి." పళ్ళు లేక మాట గాలిగాలిగా వచ్చింది. "నాకు పళ్ళు పోయి ఏడాది కావస్తోంది. వాయించింది ఆయన. నాలుగో వరసలో ఉన్నారు, ఇమ్మానుయేలు ఒకెల్లోగారు. ఆయన్ని తెర వెనక కూర్చోబెట్టి నేను ముందు నిలబడ్డాను. అది మన ఆచారమని ఆయనకి చెప్పాను. ఆయన నమ్మారు." బసవపున్నయ్య పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత తేలికవుతుందో తెలుసు ఆ పేరు చెబితే. మింగేశాడు. "ఎవరూ చెప్పమన్లేదండి. నేనే చెప్పాను. చక్రిగారూ, మీరు వెతుకుతున్నది ఆయన్ని."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఒకెల్లో పట్టీ సరిచేసుకుని, ఉన్నచోటే, ఆడవాళ్ళ మధ్యే, లేచి నిలబడ్డాడు.

మైకు లేదు. అవసరమూ రాలేదు. ఉయ్యూరు పాటే ఎత్తుకున్నాడు. ఈసారి పల్లవి దగ్గరికి తిరిగి రావడానికి తొందరపడలేదు. పాట వదిలి చాలా దూరం వెళ్ళాడు. అందులో కోపం వినబడింది బాలశౌరికి. ఇందాక ముఖంలో లేనిది ఇక్కడుంది. కిందిస్వరాల్లో అది నేలకేసి గుద్దినట్టు పలికింది. డోలాయన తొడుగుల వేళ్ళతో తొడ మీద మెల్లగా తాళం వేస్తున్నాడు. చక్రి కుర్చీలోంచి ఎప్పుడు లేచాడో, వరసల మధ్య నిలబడి వింటున్నాడు. అయిపోయాక ఒకెల్లో ఎవరికీ నమస్కారం పెట్టలేదు. కూర్చున్నాడు.

*

ముహూర్తమయ్యాక చక్రి అతన్ని తన కారు దగ్గరికి తీసుకెళ్ళాడు. కాగితాలు, పరీక్షలు, హైదరాబాదు, ఇవే మాటలు బాలశౌరికి దూరం నుంచి వినిపించాయి. ఒకెల్లో నవ్వడం కూడా వినిపించింది. బాలశౌరి స్తంభాల మధ్య తాడు విప్పి, పక్షుల గుడ్డని నాలుగు మడతలు వేశాడు. దుమ్ము దులిపాడు. చేతుల మీద పెట్టుకుని కారు దగ్గరికి నడిచాడు.

"మీ అమ్మగారి గుడ్డ."

ఒకెల్లో శాక్సాఫోన్ పెట్టెని వెనక సీట్లో పెట్టి తలుపు వేశాడు. గుడ్డని చూశాడు. వేలితో ఒక పక్షిని తడిమాడు. అతను ఏదో ఒకటి అంటాడని, తిడతాడని, కనీసం ఎందుకు చేశారు మాస్టారూ అని అడుగుతాడని బాలశౌరి ఎదురుచూశాడు. అడిగితే చెప్పడానికి అంతా సిద్ధంగా ఉంది.

"మీ దగ్గరే ఉంచండి," అన్నాడు ఒకెల్లో, నెమ్మదిగానే. "నాకు ఇంక అక్కర్లేదు. మీకు ఇంకా పెళ్ళిళ్ళు ఉన్నాయి కదా."

కారు బందరు రోడ్డెక్కి బెజవాడ వైపు తిరిగింది. బాలశౌరి వ్యానులో వెనక సీట్లో కూర్చున్నాడు. ముందు సీట్లో ఏసుపాదం పెళ్ళిభోజనం గురించి మాట్లాడుతున్నాడు, కావాలనే వెనక్కి తిరగడం లేదు. బాలశౌరి ఒళ్ళో గుడ్డ మడత విప్పి, ఉంగరాలు ఒక్కొక్కటే వేలితో లాగి చూశాడు. తెరేసమ్మ గట్టిగా కుట్టింది. ఒక్కటి కూడా ఊడలేదు.